మూడో చుక్క

మా షెడ్డుకి వచ్చే సిలిండర్లలో సగం అప్పటికే ఎవడో ఒకడి చేతిలో చావుదెబ్బలు తిని వచ్చేవి. లారీ తొట్టి ఎత్తే సిలిండరు కానీ, మట్టి తవ్వే యంత్రం సిలిండరు కానీ, కొత్తలో అద్దంలా ఉంటుంది. నాలుగేళ్ళు బురదలో, ఎండలో తిరిగాక నూనె కారడం మొదలెడుతుంది. లోపలి రబ్బరు సీళ్ళు మార్చాలంటే మూతి దగ్గర, సీసా మూతలా మరల మీద తిప్పి బిగించిన మూత విప్పాలి. దాన్ని మేము గ్లాండు అంటాం. ఆ గ్లాండు తుప్పు పట్టి, మట్టి పట్టి, రంగు మీద రంగు పడి, అలిగిన మేనత్తలా బిగుసుకొని కూర్చుంటుంది. మొదట దొరికినవాడు సుత్తితో బాదుతాడు. రెండోవాడు పానాకి ఆరడుగుల పైపు తగిలించి ముగ్గుర్ని వేలాడదీస్తాడు. మూడోవాడు గ్యాసు మంట పెట్టి ఎర్రగా కాలుస్తాడు. అందరూ చేతులెత్తేశాక మా బావ దగ్గరికి తెచ్చేవాళ్ళు.

మా బావ అంటే మా అక్క మొగుడు. ఆ వీధి మొత్తానికీ చుక్కల మేస్త్రీ. మనిషి చూడ్డానికి ఏమీ ఉండడు. సన్నగా, కాస్త వంగి, కళ్ళజోడుకి విరిగిన కాడ బదులు తీగ చుట్టుకొని ఉంటాడు. సిలిండర్లు వేసుకొచ్చిన వాళ్ళు "మేస్త్రీ ఎక్కడయ్యా?" అని ఆయన్నే అడిగేవాళ్ళు. "ఇప్పుడే బయటికెళ్ళాడు. ఈలోపు నేను చూస్తాలే, దించండి" అనేవాడు. వాళ్ళు దించి, టీ తాగి, వెళ్ళేటప్పుడు కూడా మేస్త్రీ ఇంకా రాలేదేమని విసుక్కొనేవాళ్ళు. ఆయనకి ఇలాంటి వేళాకోళాలంటే మహా సరదా.

ఆయన పని చేస్తుంటే చూడ్డం నాకు ఒళ్ళుమంట. నాది మొదటినుంచీ ఓర్పు లేని చెయ్యి. ఆయన సిలిండరుని బల్ల మీద పెట్టించి, ముందుగా నూనె వచ్చే, పోయే దారుల బిరడాలు రెండూ తీసేవాడు. "లోపల ఎంత కోపం దాచుకుందో మనకేం తెలుసు? ముందు ఊపిరి తీసుకోనీరా" అనేవాడు. మాట తమాషాగా ఉన్నా సంగతి తమాషా కాదు. దారులు మూసి ఉండగా వేడి పెడితే లోపలి నూనె ఉబ్బి, తొట్టిని తోసే ఉక్కు రాడ్డు తూటాలా బయటికొస్తుంది. పక్క వీధి షెడ్డు గోడకి అలాంటి బొక్క ఒకటి ఇప్పటికీ ఉంది. అందుకే రాడ్డుకి ఎదురుగా ఎవరు నిలబడినా, ఆఖరికి ఓనరైనా, రెక్క పట్టుకొని పక్కకి లాగేసేవాడు.

తరువాత విరిగిన రంపం బ్లేడు ముక్క పట్టుకొని గ్లాండు చుట్టూ రంగు గీకుతూ కూర్చొనేవాడు. చాలా సిలిండర్లకి గ్లాండు కదలకుండా పక్కనుంచి చిటికెన వేలి గోరంత లాక్ స్క్రూ ఒకటి బిగించి ఉంటుంది. దాని మీద లప్పం పూసి, రంగు వేసి, ఇంకోడు వచ్చి ఇంకో రంగు వేసి, అసలు అక్కడ ఒకటి ఉందనే ఆనవాలు లేకుండా చేస్తారు. దాన్ని తియ్యకుండా గ్లాండు తిప్పామా, లోపలి మరలు అరటితొక్కలా ఒలుచుకుపోతాయి. అది ఉందో లేదో తేలేదాకా మా బావ పానా ముట్టుకొనేవాడు కాదు. తేలాక డీజిలూ నూనే కలిపి పోసి, గుడ్డ చుట్టి, ఒక రోజు, అవసరమైతే మూడు రోజులు నానబెట్టేవాడు. పూటకోసారి చిన్న ఇత్తడి సుత్తితో చుట్టూ తట్టి, చెవి ఆనించి, "ఇంకా రాలేదు" అని మళ్ళీ గుడ్డ చుట్టేవాడు.

"బావా, జోలపాట కూడా పాడరాదూ" అనేవాణ్ణి.

"నువ్వు పాడు. నీ గొంతు వింటే భయపడి వెంటనే విప్పుకుంటుంది" అనేవాడు.

ఇక చుక్కల సంగతి. విప్పబోయే ముందు గ్లాండు అంచు మీద ఒక చుక్క, దానికి సరిగ్గా ఎదురుగా సిలిండరు గొట్టం మీద ఒక చుక్క, మొనదేలిన ఉక్కు పంచ్‌తో కొట్టేవాడు. తిరిగి బిగించేటప్పుడు రెండూ ఎదురెదురుగా వస్తే గ్లాండు తన చోటికి తాను చేరినట్టు. ఇది ఎవరైనా చేసే పనే. మూడో చుక్క మాత్రం ఆయన సొంతం. కొత్త సీళ్ళు వేసి, బిగించి, పంపుకి తగిలించి, రాడ్డుని కడదాకా బయటికి తోయించి, నిండు ప్రెషరు మీద అరగంట ఉంచేవాడు. కడదాకా ఎందుకంటే అక్కడే లోపలి పిస్టను వచ్చి గ్లాండుని తంతుంది. మరల్లో సత్తువ లేకపోతే ఆ తన్నుతో బయటపడుతుంది. అరగంటయ్యాక పొడిగుడ్డతో చుట్టూ తుడిచి, గుడ్డని వెలుగులో చూసి, నూనె చెమ్మ లేకపోతే అప్పుడు గ్లాండు అంచు మీద, మొదటి చుక్క పక్కనే, ఇంకొకటి పెట్టేవాడు.

బళ్ళవాళ్ళు మా కాగితాలు చూసేవాళ్ళు కాదు. బొటనవేలితో తడిమి, మూడు చుక్కలూ ఉన్నాయనుకున్నాక ఎత్తుకుపోయేవాళ్ళు. రెండే ఉంటే "ఇంకోటేదీ?" అని అక్కడే చతికిలబడేవాళ్ళు.

మా బావకి పిల్లల్లేరు, స్థలాల్లేవు, చదువు అంతంత మాత్రం. ఉన్నదల్లా ఆ చుక్క. అక్కని తీసుకొని బజారుకి వెళ్తే, రోడ్డు పక్కన ఆగి ఉన్న టిప్పరు కిందికి వంగి చూసి, "మన చుక్కేనే!" అని మురిసిపోయేవాడు. "అందరూ చూస్తున్నారండీ, లేవండి బాబూ" అని అక్క కొంగు అడ్డం పెట్టుకొని నవ్వేది. నాకు ఆ నవ్వు గుర్తుంది.

నా గురించి కూడా చెప్పాలి, తప్పదు. నన్ను షెడ్డులో పెట్టించింది బావే. లేతు పని, సీళ్ళ పని, విప్పే పని, అన్నీ ఆయనే నేర్పాడు. పద్దెనిమిదేళ్ళు ఆయన పక్కన చేశాను. నలభై రెండేళ్ళు వచ్చినా వీధిలో నాకు పేరు లేదు. "మేస్త్రీ బావమరిది" అనేవాళ్ళు. ఎవరైనా "ఒరేయ్ బావమరిదీ" అని అరిస్తే, నేను వాళ్ళెవరికీ బావమరిదిని కాకపోయినా, "ఆఁ" అని పలికేవాణ్ణి. ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"బావా, ఈ సిలిండరుకి మూడో చుక్క నేను పెట్టనా?"

"అరగంట కుదురుగా కూర్చోడం నేర్చుకున్న రోజున పెడుదువుగాని" అన్నాడు. మామూలుగానే అన్నాడు. కానీ అక్కడున్న నలుగురూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు నాకు ఏళ్ళ తరబడి అరగలేదు.

ఆ రోజుల్లోనే పెద్ద ఓనరు పోయి, ఆయన అల్లుడు కుర్చీలో కూర్చున్నాడు. వస్తూనే ఒక విప్పే యంత్రం తెప్పించాడు. సిలిండరుని దవడల మధ్య పట్టుకొని, గ్లాండుని పదిమంది బలంతో తిప్పుతుంది. మీట నొక్కితే చాలు. మా బావ దాన్నీ వాడాడు. అయితే గీకడం, వెతకడం, నానబెట్టడం అన్నీ అయ్యాకే దాని మీదికి ఎక్కించేవాడు.

"మేస్త్రీ గారూ, అంత యంత్రం తెచ్చింది దిష్టిబొమ్మలా నిలబెట్టడానికా?" అన్నాడు కొత్త ఓనరు.

"దానికి బలం ఉంది సార్, బుర్ర లేదు. అది కాస్తా నేను అరువిస్తున్నాను" అన్నాడు బావ.

ఓనరు నవ్వలేదు. మొహం మాడ్చుకొని గదిలోకి వెళ్ళిపోయాడు. బావకి ఎవరి దగ్గర వేళాకోళం ఆడకూడదో ఎప్పుడూ తెలియలేదు.

అప్పుడొచ్చింది ఆ చిన్న టిప్పరు సిలిండరు. రెండు షెడ్లలో తన్నులు తిని, గ్లాండు అంచుల మీద సుత్తి గాట్లతో వచ్చింది. బావ బిరడాలు తీశాడు, మొదటి రెండు చుక్కలు పెట్టాడు, గీకడం మొదలెట్టాడు. సగం చుట్టు గీకేసరికి ఆస్పత్రి నుంచి కబురు. అక్క కంటి ఆపరేషను వచ్చే వారం అనుకున్నది, రేపే చేస్తామన్నారట. అక్కకి సూది అంటేనే ప్రాణం పోతుంది. "మీరు పక్కన లేకపోతే చేయించుకోను, గుడ్డిదాన్నయినా సరే" అని కూర్చుంది. సెలవంటే ఏమిటో తెలియని మనిషి, రెండు రోజులు సెలవు పెట్టాడు.

వెళ్తూ వెళ్తూ గ్లాండుకి నూనె గుడ్డ చుట్టి, నన్ను పిలిచాడు.

"ఒరేయ్, దీన్ని ముట్టుకోకు. లాక్ స్క్రూ ఇంకా దొరకలేదు. ఉందో లేదో తెలీదు. ఎల్లుండి నేనొచ్చి చూస్తా."

"సరే బావా. నువ్వు అక్క సంగతి చూసుకో" అన్నాను.

మర్నాడు పొద్దున టిప్పరు యజమాని ఓనరుకి ఫోను మీద ఫోను. సాయంత్రంలోగా ఇవ్వకపోతే తన మిగతా బళ్ళన్నీ వేరే షెడ్డుకి తోలుకుంటానన్నాడట. ఓనరు నా దగ్గరికొచ్చి, ఆ గుడ్డ చుట్టిన సిలిండరు వైపు చూసి, తరువాత నా వైపు చూశాడు.

"ఏం, మీ బావ లేకపోతే నీకు రాదా?" అన్నాడు.

ఇంకెలా అడిగినా కాదనేవాణ్ణేమో. ఆ మాటకి మాత్రం తల తిరిగింది. గుడ్డ లాగి పారేసి సిలిండరుని యంత్రం దవడల మధ్యకి ఎక్కించాను. బావ సగంలో వదిలిన గీకుడు నాకు కనిపిస్తూనే ఉంది. మిగతా సగం గీకడానికి గంట పట్టదు. గీకలేదు. మీట నొక్కాను. యంత్రం మూలిగింది, గ్లాండు కదల్లేదు. ఇంకా నొక్కాను. లోపల ఏదో పటుక్కుమని విరిగిన చప్పుడైంది, ఆ తరువాత గ్లాండు కరకరమని తిరగడం మొదలెట్టింది. ఆ చప్పుడు ఏమిటో తెలియని వాణ్ణి కాదు.

బయటికి తీసి చూస్తే మరలు సగానికి పైగా ఒలిచిపోయి ఉన్నాయి. రంగు కింద లాక్ స్క్రూ మొండెం మెరుస్తోంది. బావ గీకడం ఆపిన చోటికి సరిగ్గా బొటనవేలంత దూరంలో ఉంది.

ఓనరుకి చూపించాను. "మూతి కోసి కొత్త మరలు వెయ్యాలి సార్. నాలుగు రోజులు పడుతుంది" అన్నాను.

"జిగురు పూసి బిగించు. అది పాత బండి, ఇంకెన్నాళ్ళు తిరుగుతుంది?" అన్నాడు.

మరలకి పూసే గట్టి జిగురు ఒకటుంది. ఆరితే రాయిలా పట్టుకుంటుంది, బాగున్న మరల్ని. ఒలిచిపోయిన వాటికి అది పైపూత మాత్రమే. కొత్త సీళ్ళు వేసి, జిగురు పూసి, బిగించాను. బావ పెట్టిన రెండు చుక్కలూ ఎదురెదురుగా వచ్చి నిలబడ్డాయి. అది చూసి లేని ధైర్యం తెచ్చుకున్నాను. ఇక మిగిలింది ప్రెషరు పెట్టి చూడ్డం. కడదాకా తోయించి అరగంట ఉంచితే ఏమవుతుందో నాకు తెలుసు. తెలుసు కాబట్టే పెట్టలేదు.

"ఆయన వచ్చి చుక్కలు లెక్కపెడతాడు" అన్నాడు ఓనరు, తన గదిలోకి పోతూ పోతూ, ఏదో వాన పడేలా ఉందన్నట్టు.

బావ పంచ్ ఆయన సొరుగులో, గుడ్డలో చుట్టి ఉంటుంది. తీశాను. గ్లాండు అంచు మీద ఆనించి సుత్తితో ఒక్కటే దెబ్బ కొట్టాను. పద్దెనిమిదేళ్ళలో నేను పెట్టిన మొదటి మూడో చుక్క అది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, ఆ క్షణాన నాకు సంతోషమేసింది. సాయంత్రం టిప్పరు యజమాని వచ్చాడు. మేస్త్రీ సెలవుకి ముందే పూర్తి చేసి పెట్టాడని ఓనరు చెప్పాడు. ఆయన వేలితో తడిమి చూసుకొని, సిలిండరు ఎక్కించుకొని వెళ్ళిపోయాడు.

మూడో రోజు బావ వస్తూనే బల్ల వైపు చూశాడు.

"ఏదిరా అది?"

"తీసుకెళ్ళిపోయాడు బావా. ఆగలేనని వేరే షెడ్డుకి పట్టుకుపోయాడు."

"అయ్యో" అన్నాడు. "వాడెవడో చూసుకోకుండా తిప్పేస్తాడురా. మరలు పోతాయి. ఫోను చేసి లాక్ స్క్రూ వెతకమని చెప్పరాదూ?"

"చెప్తాలే" అన్నాను. చెప్పలేదని వేరే చెప్పాలా?

మూడు వారాలు తిరక్కుండానే జరిగింది. ఇసుక దించాక తొట్టి పూర్తిగా పైకి లేచి ఉంది. అడుగున అంటుకున్న తడి ఇసుకని గోకడానికి డ్రైవరు చెయ్యి తొట్టికీ బండి చట్రానికీ మధ్యకి పెట్టాడు. లోపల పిస్టను తన్నిన తన్నుకి గ్లాండు ఊడొచ్చింది, నూనె అంతా కుమ్మరించింది, తొట్టి కిందికి దిగింది. కుడి చెయ్యి మోచేతి పైదాకా తీసేయాల్సి వచ్చింది. ముప్పై నాలుగేళ్ళవాడు. తన బండి కాదు, తన తప్పూ కాదు.

రెండో రోజు పొద్దున ఓనరు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"బీమా ఆఫీసరు వస్తున్నాడు. ఎవరు చేశారని అడుగుతాడు. నువ్వని తేలితే కేసు నీ మీద పడుతుంది. చెయ్యి పోయిన కేసు, ఊరికే పోదు. మేస్త్రీ అంటే పేరున్న మనిషి, పెద్దవాడు, ఏదో పొరపాటు జరిగిందనుకుంటారు. ఆలోచించుకో" అన్నాడు. తన మాట ఎక్కడా రాకుండా ఎంత శుభ్రంగా చెప్పాడో.

మధ్యాహ్నం అదే గదిలో అందరం చేరాం. బీమా ఆఫీసరు, టిప్పరు యజమాని, ఓనరు, బావ, నేను. బల్ల మీద పాత పేపరు పరిచి ఆ గ్లాండు, కోసి తెచ్చిన సిలిండరు మూతి పెట్టారు. వాటిని చూడగానే బావ మొహంలో రంగు పోయింది. వేరే షెడ్డుకి పోయిందనుకున్న సిలిండరు అది.

"ఈ గుర్తులు ఎవరివి?" అన్నాడు ఆఫీసరు.

బావ కళ్ళజోడు తీసి తుడుచుకొని, మళ్ళీ పెట్టుకొని, గోటితో ఒక్కో చుక్కా తడిమి చూశాడు.

"ఈ రెండూ నావి సార్. మూడోది నాది కాదు."

టిప్పరు యజమాని భళ్ళున నవ్వాడు. "రెండు నీవి, ఒకటి దయ్యం వచ్చి పెట్టిందా మేస్త్రీ?"

"నేను రెండుసార్లు కొడతాను సార్" అన్నాడు బావ, ఆయన వైపు చూడకుండా ఆఫీసరుకే చెబుతూ. "మెల్లగా ఒకటి, దాని మీదే ఇంకోటి. అడుగున చిన్న మెట్టులా తగులుతుంది. ఇది ఒక్క దెబ్బకి కొట్టింది. వేలు పెట్టి చూడండి."

ఆఫీసరు వేలు పెట్టి చూశాడు. మూడింటినీ తడిమాడు. "నాకు మూడూ ఒకటిగానే ఉన్నాయి" అన్నాడు. పాపం ఆయన్ని అనడానికి లేదు. ఆ తేడా తెలిసిన వేళ్ళు ఆ గదిలో రెండు జతలే ఉన్నాయి.

అప్పుడు బావ నా వైపు చూపించాడు. ఎంత నమ్మకంగా చూపించాడో. "వీణ్ణి అడగండి సార్. నేను ఆస్పత్రిలో ఉన్న రెండు రోజులూ వీడిక్కడే ఉన్నాడు. నా బావమరిది. నేను విప్పలేదని వీడికి తెలుసు. ముట్టుకోవద్దని వీడికే చెప్పి వెళ్ళాను."

"ఏమయ్యా, ఈ మూడో చుక్క ఎవరు పెట్టారు?"

ఓనరు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. బావ నా మొహంలోకి చూస్తున్నాడు.

"బావే పెట్టాడు సార్. సెలవు మీద వెళ్ళే ముందు రోజు."

అరుస్తాడనుకున్నాను. చొక్కా పట్టుకుంటాడనుకున్నాను. ఏమీ చెయ్యలేదు. కళ్ళజోడు తీశాడు, మళ్ళీ పెట్టుకోబోతే తీగ చెవికి తగులుకోలేదు. రెండు మూడుసార్లు ప్రయత్నించి, జోడు జేబులో పెట్టుకొని, బయటికి నడిచాడు. ఆ నిమిషంలో నన్ను బూతులు తిట్టి ఉంటే ఈపాటికి తిరిగి తిట్టుకొని, మర్చిపోయి ఉండేవాణ్ణి.

ఎందుకు చేశావంటే భయం అని చెప్పుకుంటాను. నాలుగు వంతుల్లో ఒక వంతు భయం. మిగతా మూడు వంతులూ ఉక్రోషం. ఆయన ఎప్పుడూ తప్పు చెయ్యడని వీధి వీధంతా అనుకోవడం నా వల్ల కాలేదు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కటి, ఆయన కూడా తప్పు చేసినవాడు కావాలనిపించింది. అంతకంటే మర్యాదగా చెప్పడం నాకు చేతకాదు.

కేసు బీమావాళ్ళూ ఓనరూ కలిసి ఏదో మాట్లాడుకొని మూసేశారు. బావని షెడ్డు నుంచి తీసేశారు. ఆయన ఆ డ్రైవరుని చూడ్డానికి ఆస్పత్రికి వెళ్ళాడని తరువాత తెలిసింది. వెళ్ళి మంచం పక్కన నిలబడితే ఆ మనిషి గోడవైపుకి తిరిగి పడుకున్నాడట. తను చెయ్యని తప్పుకి ఈయన వెళ్ళాడు. చేసినవాణ్ణి నేను ఇప్పటిదాకా ఆ మనిషి మొహం చూడలేదు. వేరే షెడ్లకి కూడా వెళ్ళాడు. "మీ చుక్క చూస్తే బళ్ళవాళ్ళు పారిపోతున్నారు మేస్త్రీ, ఏమీ అనుకోకండి" అన్నారట, కుర్చీ వేసి మరీ. వాళ్ళన్నది అబద్ధం కాదు. ఆ నెలంతా బళ్ళవాళ్ళు మా షెడ్డుకి వరస కట్టి, తమ సిలిండర్ల మీద ఆ చుక్కలు చెరిపెయ్యమన్నారు. అమ్మబోతే ధర రాదని ఒకడు, చూస్తేనే భయమేస్తోందని ఒకడు. గ్రైండరు పట్టుకొని చెరిపింది నేనే. నిప్పురవ్వలు ఎగురుతుంటే రెండు నిమిషాల్లో చుక్క పోయి ఇనుము నున్నగా వచ్చేది. ఏ ఒక్కటీ ఎప్పుడూ నూనె చెమ్మ పట్టింది కాదు.

ఇప్పుడు బావ ఒక పెద్ద బిల్డింగులో నీళ్ళ మోటారు చూసుకుంటాడు. పొద్దునా సాయంత్రం స్విచ్చి వెయ్యాలి, ట్యాంకు నిండితే ఆపాలి. దానికి తోడు ఎవరింట్లో కుళాయి కారినా వెళ్ళి వాషరు మార్చాలి. అక్కా ఆయనా ఆ బిల్డింగులోనే కింద ఒక గదిలో ఉంటున్నారు. నేను నెలకో రెండుసార్లు ఆదివారాలు వెళ్తాను. వెళ్ళకపోతే అక్క ఎందుకు రావడం లేదని అడుగుతుంది. వెళ్తే బావ "రారా, కూర్చో" అంటాడు. ఆ రెండు మాటలే. పాత వేళాకోళం ఒక్కటీ లేదు. ఆయన ఆ సంగతి ఎత్తడు, నేనూ ఎత్తను. ఇన్నాళ్ళూ ఇలా గడిచిపోతుందిలే అనుకున్నాను.

మొన్న ఆదివారం మధ్యాహ్నం అక్క టీ తెచ్చి ఇచ్చి, మంచం మీద నా పక్కన కూర్చుంది. బావ కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చొని ఎవరిదో కుళాయి విప్పుతున్నాడు. అక్క చూపు ఇప్పుడు బాగానే ఉంది. నా మొహంలోకి చూసి, "చిక్కిపోయావురా" అని, ఉన్నట్టుండి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"ఏంటక్కా?"

"నాకు ఇప్పటికీ మింగుడు పడంది ఒకటేరా. ఈయన తప్పు చేశారు, సరే. మనిషన్నాక పొరపాటు జరగదా? నేను చేసుకున్న కర్మ అనుకొని ఊరుకున్నా. కానీ నలుగురిలో కాదని బుకాయించడం ఎందుకు? పైగా నీ మీదికి తోసెయ్యాలని చూడ్డం ఎందుకు? సొంత కొడుకులా చూసుకున్నారే నిన్ను."

"పోనీ అక్కా..."

"నువ్వుండరా." అక్క కిటికీ వైపు తిరిగింది. "ఏమండీ, ఆ రోజు ఆస్పత్రిలో నేను అడగలేదూ? నా మూలాన ఏదో బండి పని సగంలో వదిలేసి వచ్చారని బెంగ పెట్టుకొని, ఆపరేషను వద్దు వెళ్ళిపోదామంటే మీరేమన్నారు? అయిపోయింది, ప్రెషరు పెట్టి చూసి చుక్క కూడా పెట్టేసి వచ్చా, నువ్వు నిశ్చింతగా ఉండు అన్లేదూ?"

బావ చేతిలో పానా ఆగింది. "అన్నాను" అన్నాడు.

"మరి?"

బావ కుళాయి మీదికి తల వంచుకున్నాడు. వేళాకోళాలు వదిలేస్తే ఆయన జన్మలో ఆడిన అబద్ధం బహుశా అదొక్కటే. భయంతో వణికిపోతున్న పెళ్ళాన్ని ఆపరేషను బల్ల ఎక్కించడానికి ఆడాడు. దాన్ని ఇప్పుడు కాదంటే, తప్పించుకోడానికి ఇంకో అబద్ధం అల్లుతున్నాడనుకుంటుంది అక్క. ఓనరు ఎలాగూ నోరు విప్పడు, అది అబద్ధమని అక్కకి చెప్పగలిగినవాణ్ణి ఈ భూమ్మీద నేను ఒక్కణ్ణే. షెడ్డు పోయింది, పేరు పోయింది, అవి నేను తిరిగి తేలేను. ఆయన పెళ్ళాం ఆయన్ని నమ్మడం మాత్రం నా ఒక్క మాటలో ఉంది. అది బావకీ తెలుసు. తలెత్తి నా వైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. అడుగుతున్నాడు.

"చెప్పరా తమ్ముడూ" అంది అక్క, నా చెయ్యి పట్టుకొని. "అసలు అబద్ధం చెప్పాల్సిన ఖర్మ నీకేంటి? నువ్వే చెప్పు ఈయనకి."

కప్పు కింద పెట్టాను.

"పోనీలే అక్కా. అయిందేదో అయింది. పెద్దవాడు, ఆ మాట ఎత్తి బాధపెట్టకు. నేనేమీ మనసులో పెట్టుకోలేదు" అన్నాను.

అక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "చూశారా వాడి మనసు?" అంది బావతో.

"చూశాను" అన్నాడు బావ. లేచి, విప్పిన కుళాయి తీసుకొని, ఎవరింట్లోదో బిగించి రావడానికి బయటికి వెళ్ళాడు.